ఆది తీసుకోని ప్రోగ్రాం

మా మరిది ఉద్యోగం మానేసి సొంతంగా ప్రోగ్రాంలు రాస్తానని కూర్చున్నాక దొరికిన మొదటి పని మా వీధి చివర టైలరమ్మది. ఆమె కొలతల పుస్తకాన్ని కంప్యూటర్లోకి ఎక్కించాలి. నచ్చితే ఆమె ఇద్దరు చెల్లెళ్ళ దుకాణాల పనీ ఇతనికే. లేదంటే మళ్ళీ పాత ఆఫీసు మెట్లెక్కాలి.

ఆమె పది నిమిషాలు చెప్పింది. ఇతను అయిదు నిమిషాలు విన్నాడు. ఆ తరవాత వారం రోజులు గదిలోంచి ఒకటే టకటక.

"ఏం చెయ్యాలో ఎక్కడైనా రాసుకున్నావా?" అని అడిగాను.

"అంతా బుర్రలో ఉంది వదినా."

చూపించే రోజున మావారి ప్యాంటు, మావాడి నిక్కరు పట్టుకుని నేనూ వెళ్ళాను. మరిది మా ఫోన్ నంబరు కొట్టి మావారి నడుము ముప్పై ఎనిమిదని ఎక్కించాడు. అదే నంబరు మీద మావాడి కొలతలూ ఎక్కించాడు.

"ఇప్పుడు మీ అన్నయ్యవి చూపించు," అంది టైలరమ్మ.

నడుము ఇరవై రెండు.

"మీ ఆయన బాగా చిక్కిపోయారమ్మా!" అంది నాతో. గుండీలు కుడుతున్న ఆమె అత్తగారు సూది పక్కన పెట్టి మరీ నవ్వింది.

"ఫోనుకి ఒక మనిషే అనుకున్నాను," గొణిగాడు మరిది.

"ఎవరనుకోమన్నారు నాయనా? ఇంటిల్లిపాదీ ఒకటే నంబరిస్తారు. 'రెండు వేళ్ళు పొట్టిగా కుట్టు' అని కొందరంటారు, అది రాయడానికి గడేదీ?"

మరిది మొహం ఇస్త్రీపెట్టె తగిలిన నైలాను గుడ్డలా ముడుచుకుంది. "రేపటికల్లా సరిచేస్తానండీ."

ఆమె లాప్‌టాప్ మూత మూసేసింది. "ఆది తీసుకోకుండా నేను కత్తెర ముట్టను. కొలతలు రాసి, చదివి వినిపించి, వాళ్ళు ఔనన్నాకే కోత. నువ్వు నన్ను కొలవకుండానే కుట్టేశావు. శనివారం దాకా చూస్తాను. ముందు నాకేం కావాలో రాసిన కాగితం పట్రా."

శుక్రవారం దాకా మరిది కంప్యూటర్ తెరవలేదు. దుకాణంలో స్టూలు మీద కూర్చుని, వచ్చినవాళ్ళు అడిగిందల్లా రాసుకున్నాడు. అలా నిండిన నాలుగు పేజీలూ శనివారం నా ఎదుటే టైలరమ్మ వేలు పెట్టి చదివింది. రెండు వాక్యాలు కొట్టేసి, ఒకటి చేర్చింది.

"ఇంకో రెండు కాపీలు తీయించు, మా చెల్లెళ్ళకిస్తాను. ఇక కత్తెర పట్టుకో."

మరిది సంతోషంగా లాప్‌టాప్ సంచీ జిప్పు లాగాడు.

"ఆగు," అన్నాను. "ఒకరి బట్టలు ఇంకొకరొచ్చి అడిగితే ఇచ్చెయ్యచ్చా? అది అందులో ఉందా?"

టైలరమ్మ కాగితాలు మళ్ళీ ముందుకు లాక్కుంది. మరిది జిప్పు మూసి, పెన్ను మూత తీశాడు.