తల పక్కకు వాల్చిన తరగతి

నల్లబల్ల మీద కార్నెలిస్ గీస్తున్న గుండ్రాయి అప్పటికి సగమే పూర్తయింది. సుద్దముక్కను బల్లకు ఆనించి, తల ఎడమకు వాల్చి, కంటికొసతో దానిని చూసుకున్నాడు. సూటిగా చూస్తే రాయి ఉండదు. దాని స్థానంలో బూడిదరంగు మచ్చ ఒకటి ఉంటుంది. రెండేళ్ల క్రితం సూదిమొనంతగా పుట్టిన ఆ మచ్చ ఇప్పుడు ఎదుటి మనిషి ముఖాన్ని పూర్తిగా మింగివేస్తోంది. దానికి వైద్యం లేదని డాక్టరు చెప్పాడు. ఆ మాటను కార్నెలిస్ బడిలో ఎవరికీ చెప్పలేదు.

అరవై ఎనిమిదేళ్ల మనిషి. పొడవైన వెన్ను వంగిపోయింది. చొక్కా చేతులు రంగుమరకలతో అట్టకట్టాయి. హాలండు దేశంలోని హార్లెమ్ పట్టణంలో సాయంకాలపు తరగతులలో చిత్రలేఖనం నేర్పేవాడు. అక్కడ ఒకే ఒక్కసారి ప్రదర్శన పెట్టాడు; పెట్టిన ఇరవై పటాలూ ఇంటికి తిరిగివచ్చాయి. దక్కను రాళ్లను చిత్రించి పోదామని మూడు నెలల కోసం వచ్చినవాడు, శంషాబాదులోని ఈ బడిలో డ్రాయింగు మాస్టరుగా ఇరవై ఆరేళ్లు ఉండిపోయాడు. రావిర్యాల వైపు అతడు చిత్రించిన గుట్టలు ఒక్కొక్కటే రోడ్ల కింద కంకర అయ్యాయి. హార్లెమ్‌లో అతని పేరు పలికేవారు ఇప్పుడెవరూ లేరు. ఉద్యోగం ఉన్నన్నాళ్లే అతనికి ఈ దేశంలో ఉండేందుకు అనుమతి. అందుకే హాజరుపట్టీలోని పేర్లు కంఠస్థం చేశాడు. పిల్లలను గొంతును బట్టి పోల్చుకునేవాడు. మెట్లు లెక్కపెట్టుకొని ఎక్కేవాడు.

“చాయ్, సార్.” అటెండరు సత్తయ్య గ్లాసును అతని చేతికే అందించాడు. బల్ల మీద పెడితే తడుముకుంటాడని, ఎవరూ చెప్పకుండానే, సత్తయ్యకు తెలుసు. “ఇయ్యాల పెద్దసారు క్లాసులల్ల తిరుగుతున్నడు. జర పైలం.”

“ఏంది సత్తయ్యా, నేనేమన్న దొంగనా?” కార్నెలిస్ తెలుగంతా సత్తయ్య దగ్గర నేర్చినదే.

“దొంగవే సార్. ఇరవై ఆరేండ్ల సంది మా గుట్టలన్నీ కాయితాలల్ల దాసుకుంటున్నవ్.”

కార్నెలిస్ నవ్వాడు.

మూడవ పీరియడులో, కార్నెలిస్ చివరి వరుస పిల్లల దగ్గర ఉండగా, ప్రిన్సిపాలు సూర్యప్రకాశరావు వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. ఆరవ తరగతి పిల్లలు ముప్పైమంది, ఎదుట పెట్టిన కూజాను చూసి గీస్తున్నారు. ముప్పై తలలూ ఎడమకే వాలి ఉన్నాయి. ఒక్కరైనా కూజాను సూటిగా చూడడం లేదు.

“ఏమ్మా, మెడ పట్టేసిందా?” ముందు వరుసలోని ఆమ్నాను ఆయన అడిగారు.

“లేదు సార్. బొమ్మలు గీసెటోళ్లు గిట్లనే చూడాలె,” అంది ఆమ్నా గర్వంగా. “మా సార్ గిట్లనే చూస్తరు. నడుమల చూస్తే ఏదీ కనవడదంట.”

“ఎవరు చెప్పారమ్మా?”

“సారే చెప్పిండు. మొన్న నేనే అడిగిన.”

గంట మోగాక ప్రిన్సిపాలు కార్నెలిస్‌ను తన గదికి పిలిపించి, ఒక కాగితం ముందుకు జరిపారు.

“ఇది చదవండి మాస్టారూ. తల వాల్చకుండా.”

కార్నెలిస్ సూటిగా చూశాడు. చాలాసేపు చూశాడు. తరువాత రెండు చేతులూ జోడించాడు.

“నౌకరి తీయకు సార్. గంట కొడత. గేటు కాడ కూసుంట. నన్ను మాత్రం మళ్ల హాలండుకు పంపకు.”

“పెద్దవారు, అలా అనకూడదండీ. పిల్లల చేతుల్లో కత్తెరలుంటాయి, బ్లేడులుంటాయి. ఏదైనా జరిగితే తల్లిదండ్రులకు నేనేం చెప్పను?” జోడించిన ఆ చేతులను సూర్యప్రకాశరావు విడదీశారు, మాట మాత్రం మార్చలేదు. “రేపటి నుంచి క్లాసుకు వెళ్లవద్దు.”

కార్నెలిస్ డ్రాయింగు గదికి వచ్చి కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నాడు. మర్నాటి ఐదవ తరగతి కోసం, ఆ తరగతి ఇక తనది కాదని తెలిసి కూడా, చాకుతో పెన్సిళ్లు చెక్కసాగాడు. ఆ పనికి కళ్లు అక్కరలేదు, బొటనవేలు చాలు. విమానం ఒకటి పైకప్పును ఒరుసుకుంటున్నట్టుగా దిగింది. అతడు తల ఎత్తలేదు.

బడి విడిచాక సత్తయ్య తాళంచెవులతో వచ్చాడు.

“ఇగ పోదామా సార్?”

కార్నెలిస్ గడ్డం ఛాతీకి ఆని ఉంది. సత్తయ్య అతని భుజం మీద చేయి వేసి, తీసి, మళ్లీ వేశాడు. ఒళ్లు చల్లబడి ఉంది. తాళంచెవులు చప్పుడు కాకుండా గుప్పిట బిగించి, ఆ కుర్చీ పక్కనే నేల మీద కూలబడ్డాడు.

బల్ల మీద ఇరవై తొమ్మిది పెన్సిళ్లు మొనలన్నీ ఒకే వైపుకు ఉండేలా పేర్చి ఉన్నాయి. ముప్పయ్యవది ఒక పక్క మాత్రమే చెక్కి ఉంది.