ఖాడీలో ఉత్తరవాహిని

కామాఠిపురలోని ఒంటిగదుల చాల్‌లో మేస్త్రీ సాయిలు కన్నుమూసే ముందు భార్య కిష్టమ్మను ఒక్కటే కోరాడు.

"నా బూడిద అలంపురం కాడ తుంగభద్రల కలుపుండ్రి. ఆడ నది ఉత్తరవాహిని."

తూర్పుకు పోయే నది దారి మళ్లి ఉత్తరానికి పారితే ఆ చోటును అలా అంటారు. కాశీలో గంగ అలాంటిదేనని, అక్కడ కలిస్తే పుణ్యమని సాయిలు నమ్మకం.

మోకాళ్లు పట్టేసి కిష్టమ్మ కదల్లేకపోయింది. అస్థికల కుండకు ఎర్రగుడ్డ కట్టి కొడుకు అతుల్‌కిచ్చి పంపింది. వాడు తిరిగొచ్చి, ఆమె అన్నం తింటుండగా ఫోన్‌లో వీడియో చూపించాడు. నల్లటి నీళ్లు, వాడి చెయ్యి, కుండ. వెనక వంతెన మీద రైలు పోతోంది.

"తుంగభద్ర మీద లోకల్ ట్రైన్ ఎక్కడిదిరా?"

అతుల్ నసిగాడు. "సుట్టీ దొరకలే అమ్మా. దోస్తు ఇంట్ల ఉండి నిన్న ఈడ్నే ఖాడీల ఇడిసిన. కంపాస్ పెట్టి చూసిన, నీళ్లు ఉత్తరానికే పోతున్నయ్. అదీ ఉత్తరవాహినే గదా, కాయ్ ఫరక్, ఏం తేడా?"

కిష్టమ్మ నోట్లో ముద్ద ఉమ్మేసింది.

"నడువ్. చూపియ్."

టాక్సీ దిగకముందే కంపు కొట్టింది. కొంగు అడ్డం పెట్టుకున్నా గొంతులోకి దిగింది. నురగ, పిల్లల డైపర్లు, ఉబ్బిన ఎలుక. ఖాడీ సముద్రపు పాయ. పోటు తగ్గి, నిన్న ఉత్తరానికెక్కిన నీళ్లే ఇప్పుడు దక్షిణానికి జారుతున్నాయి.

"ఏదిరా నీ ఉత్తరవాహిని?"

మడచెట్ల వేళ్ల మధ్య, బురదలో, కుండ ఒరిగి ఉంది. ఎర్రగుడ్డ ముడి కూడా విప్పలేదు. తండ్రిని చెత్తసంచిలా విసిరేశాడు. ఖాడీ కంటే అదే ఆమెకు ఎక్కువ రోత పుట్టించింది.

"దిగు."

"అమ్మా, బూట్లు..."

"దిగురా!"

మోకాలిలోతు బురదలో దిగబడి, వాంతి ఆపుకుంటూ కుండ తెచ్చాడు. కిష్టమ్మ బాటిల్ నీళ్లతో తానే కడిగింది. వాడు అందుకోబోతే చెయ్యి విదిలించింది.

ఆ వారమే, మోకాళ్ల నొప్పితోనే, పక్కగది సుజాతను తోడు పిలుచుకుని, కుండను ఒళ్లో పెట్టుకుని పాలమూరు బస్సెక్కింది. అక్కణ్ణుంచి అలంపురం చేరి, నది ఒడ్డున ముడి తానే విప్పింది. బూడిద ఉత్తరం వైపు మెల్లగా సాగిపోయింది.

ఇంటికొచ్చాక అతుల్ చాయ్ పెట్టి గ్లాసు అందించాడు. వాడి గోళ్ల సందుల్లో ఇంకా నలుపు కనిపించినట్టనిపించి, ఆమె ముఖం తిప్పుకుంది.