కోసేసిన రెండు వరుసలు

నేను ఒక ఇంగ్లీషు-తెలుగు నిఘంటువును. జేబులో పట్టేంతే ఉంటాను గానీ, పుట్టినప్పుడు పొగరు మాత్రం గంపెడు. ఒకేలా కనిపించే క్రియల మధ్య తేడా చెప్పడానికి నన్ను కూర్చిన పండితుడు ఏళ్ల తరబడి తంటాలు పడ్డాడు. జరిగినదానికి బాధపడితే ‘రిగ్రెట్’, తప్పు నాదని ఒప్పుకొని మన్నించమంటే ‘అపాలజైజ్’ అని రెండు వరుసల్లో విడమరిచాడు. అచ్చుకూటంలో పుట నిండిపోయింది. ఫోర్‌మన్ ఆ రెండు వరుసలూ కోసేసి, ‘అపాలజైజ్’ ఎదుట ‘రిగ్రెట్ చూడుము’ అని పెట్టి చేతులు దులుపుకొన్నాడు.

విజయనగరం వైపు ఒక జనపనార మిల్లులో నేతగాడు గవరయ్య నన్ను కొన్నాడు. ఎనిమిదో తరగతితో ఆగిన చదువు మీది బెంగ నాతో తీర్చుకొనేవాడు. ఒకరోజు చూసుకోకుండా మగ్గం నడిపించాడు. లోపల తెగిన పోగు ముడివేస్తున్న అతని స్నేహితుడు సన్యాసికి వేలు పోయింది. గవరయ్య పసివాడిలా ఏడ్చాడు. కానీ ఆ మిల్లులో ఇంగ్లీషు కాగితం మీదికి ఎక్కనిది తప్పూ కాదు, మన్నింపూ కాదు. సంజాయిషీ రాసిమ్మన్నారు.

“అర్జీల పంతులు సేత రాయించీరాదేటి?” అంది భార్య పైడమ్మ.

“పుస్తకం ఉండగా పంతులెందుకే? ఇది అబద్దమాడతాదేటి?”

మిల్లులో చెవినపడ్డ మాటను వెతుక్కుంటూ గవరయ్య వేలు ‘అపాలజైజ్’ దగ్గర ఆగింది. ఆఫీసులో ఈ బల్ల దగ్గరికెళ్తే ఆ బల్లకు పొమ్మన్నట్టు నేనతన్ని ‘రిగ్రెట్’కు పంపాను. పాపం, పంపినచోటికే వెళ్లి ఆ మాటే కాగితం మీద పెట్టాడు.

మర్నాడు మేనేజరు అందరి ముందూ ఆ కాగితం చదివాడు. “బాధగా ఉందట. తప్పు తనదని మాత్రం ఎక్కడా రాయలేదు” అని తెలుగులో చెప్పాడు. సన్యాసి తన చేతి కట్టు చూసుకొని తల తిప్పేసుకొన్నాడు. సాయంత్రం గవరయ్య నాలుగు గుమ్మాల అవతలున్న అతని ఇంటికి పరుగెత్తాడు.

“కాయితం మీద లేని మాట నోట్లోకెలగొచ్చిందిరా? ఎల్లు” అని సన్యాసి తలుపేశాడు.

ఆ తలుపు మళ్లీ తెరుచుకోలేదు. ఏళ్లు గడిచి, సన్యాసి పోయాడని తెలిసిన రోజున గవరయ్య నన్ను తెరిచి ‘అపాలజైజ్’ పక్కన పెన్సిలుతో రాశాడు: “తప్పు నాదేరా సన్నాసీ.” మనుషులింతే, వినేవాడు పోయాకే మాట దొరుకుతుంది.

గవరయ్యా పోయాడు. నేను పాత కాగితాల కొట్టులో పొట్లాలకు సిద్ధంగా ఉన్నాను. జరిగినదానికి విచారిస్తున్నాను అనబోయి ఆగిపోయాను. ఆ మాట చాలదని నాకు కాక ఇంకెవరికి తెలుస్తుంది? తప్పు నాదే గవరయ్యా. నన్ను మన్నించు.