నబీ సాబ్ తాయెత్తు

1959 జూన్‌లో, తొలి వాన పడిన మరునాడు, శింగనమల నుంచి నబీ సాబ్ తప్పిపోయాడు. ఆయన పేరూ ఊరూ రాసిన కాగితం ఆయన చేతికే కట్టి ఉంది. వారం దాకా దాన్ని ఎవరూ చదవలేదు.

నబీ సాబ్ దూదేకేవాడు. విల్లు భుజాన వేసుకుని బతుకంతా ఊళ్లు తిరిగాడు. రెండేళ్లుగా మతిమరుపు. ముందు మనుషుల పేర్లు మరిచాడు, తర్వాత ఇంటి దారి. కూతురు జుబేదాబీ ఒక గుడ్డపీలిక మీద పేరు రాయించి ఆయన చొక్కాకు కుట్టింది. ఆయన గోళ్లతో పీకేశాడు.

“నేనేమన్నా సంతలో ఎద్దునా, ముద్దర ఏసేకి?”

మళ్లీ కుట్టింది. మళ్లీ పీకాడు. అప్పుడామె ఒక రాగి తాయెత్తు కొన్నది. బడిపంతులు శ్రీరంగప్పతో చీటీ రాయించి అందులో పెట్టి, లక్కతో మూసి, నల్లదారంతో తండ్రి దండచేతికి కట్టింది.

“పెనుకొండ దర్గాలో ఇచ్చినారు నాయనా. తీయొద్దు.”

ఆయన దాన్ని కళ్లకద్దుకున్నాడు. తర్వాత తీయలేదు.

ఆయన తప్పిపోయిన రోజు, వెతకడానికి బయలుదేరిన ఇరుగుపొరుగును జుబేదాబీయే ఆపింది. “చేతికి పేరుండాది. సూసినోళ్లు పిల్చుకొస్తారు” అంది. వాకిట్లో కూర్చుని ఎదురుచూసింది. నాలుగో రోజు నుంచి తనే బస్సెక్కి వెతికింది.

ఆయన వజ్రకరూరులో ఉన్నాడు. ఎలా వెళ్లాడో తెలియదు. వాన పడితే అక్కడి చేలల్లో వజ్రాలు వెతకడానికి బయటి ఊళ్లవాళ్లు వస్తారు కాబట్టి కొత్త మనిషిని చూసి ఎవరూ ఆగలేదు. గోవిందప్ప అనే రైతు ఇంటి అరుగు మీద పడుకున్నాడు. గోవిందప్ప భార్య తిప్పమ్మ సంగటి పెట్టింది.

“ఏ ఊరు తాతా?” అని అడిగింది.

“దూది యాడ ఉండాది?” అన్నాడాయన.

గోవిందప్ప నవ్వాడు. “అందరూ వజ్రాలకొస్తే ఈ ముసలాయన దూదికొచ్చినాడు.”

ఆరో రోజు చేలో ముల్లు గీసుకుని ఆయన చేయి వాచింది. జ్వరం వచ్చింది. తాయెత్తు దారం కండలోకి దిగింది. తిప్పమ్మ సైకిల్ షాపు అబ్దుల్ గఫూర్‌ను పిలిపించింది.

“మీవోళ్ల తాయెత్తప్పా. నువ్వే విప్పు.”

గఫూర్ చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. “ఏ పెద్దాయన కట్టినాడో ఏమో. విప్పితే రోగం తిరగబడతాది. నేను ముట్టనక్కా.”

“ముట్టకపోతే చేయి కుళ్లిపోతాది. సచ్చిపోతే ఎవురికి చెప్పాల? చెప్పేకి ఊరన్నా తెలుసునా?”

మరునాడు గఫూర్ మళ్లీ చూడవచ్చేసరికి వాపు ఎక్కువైంది. తిప్పమ్మ కొడవలితో దారం తెంచింది. ముసలాయన తాయెత్తు కోసం తడుముకుంటుంటే దాన్ని ఆయన గుప్పిట్లో పెట్టబోయి ఆగింది.

“తెంపిన పాపం ఎట్లాగూ తగిలింది. లోపలేముండాదో సూస్తా” అని లక్క పగలగొట్టింది.

గఫూర్ ముఖం తిప్పుకున్నాడు. ఆమె కాగితం అతని ముందు పెట్టింది. అరబ్బీలో రాసిన ప్రార్థన కాదు, తెలుగు. అతను పైకి చదివాడు: “నబీ సాబ్, దూదేకుల. శింగనమల. కూతురు జుబేదాబీ.”

“ఇదేం దువా అక్కా!” అన్నాడు.

ఆ సాయంత్రం బస్సు కండక్టరుతో కబురు పంపారు. మరునాడు జుబేదాబీ వచ్చింది. తిప్పమ్మ గడపలోనే చెప్పింది: “విప్పినాను తల్లీ. ఏమీ అనుకోవద్దు.”

“లోపల దువా లేదక్కా. నేనే అబద్ధం చెప్పి కట్టినా.”

“ఆ ముక్క పైన రాసి ఏడ్చింటే ఈయప్పకింత జ్వరం తప్పుండు గదమ్మా!” అని తిట్టి, ఆమెకు కూడా సంగటి వడ్డించింది.

చేయి మానాక జుబేదాబీ అనంతపురం వెళ్లింది. గిన్నెల మీద పేర్లు కొట్టే మనిషితో ఒక రాగిబిళ్ల మీద తండ్రి పేరు, ఊరు కొట్టించింది. అదీ దర్గాలో ఇచ్చిందేనని చెప్పి ఆయన మెడలో కట్టింది.

నబీ సాబ్ ఆ తర్వాత రెండుసార్లు తప్పిపోయాడు. రెండుసార్లూ రాప్తాడులో కనిపించాడు. రెండుసార్లూ చీకటి పడకముందే ఎవరో శింగనమలకు తెచ్చి దింపారు.