బోనఫైడ్ మీద సంతకం

ప్రణాలి తెచ్చిన బోనఫైడ్ మీద సంతకం చేసిన హెడ్‌మాస్టర్, అందులో ఉన్న తేదీకి రెండేళ్ల ముందే చనిపోయాడు.

ఆ సంగతి పట్టింది సోనాలి మేడమ్. నాందేడ్‌లోని ఆ నర్సింగ్ కాలేజీలో కాగితాలు చూసేది ఆమే. ఆమెదీ ప్రణాలి ఊరు కుండల్‌వాడే. చిన్నప్పుడు ప్రణాలి చదివిన బడిలోనే చదివింది.

"జ్ఞానేశ్వర్ సార్ దినాలకు నేను పోయిన. మొన్న జూన్ల అచ్చి సంతకం పెట్టి పోయిండా?"

గడియారంలో నాలుగూ పది. ఐదు దాటితే సీటు తర్వాతి పేరుకు పోతుంది. ప్రణాలి పక్కనున్న లింగమూర్తి వైపు చూసింది. ఆయన ఆ బడి గుమస్తా. కాగితం రాసిచ్చిందీ, పొద్దున బస్సులో తోడొచ్చిందీ ఆయనే. అప్పటికే నీళ్లకని రెండుసార్లు బయటికి వెళ్లొచ్చాడు.

"అసలు బోనఫైడ్ అంటె ఏందో ఎరుకేనా నీకు?" అని సోనాలి ప్రణాలిని అడిగింది.

లింగమూర్తి ఊరుకోలేక తానే అందుకున్నాడు. అది లాటిన్ మాట, మంచి విశ్వాసంతో అని అర్థం. మోసం లేకుండా జరిగిందని చెప్పడానికి మొదట కోర్టు కాగితాల్లో వాడారు. తర్వాత ఇంగ్లీషులో విశేషణమైంది, బోనఫైడ్ స్టూడెంట్, అంటే అసలైన విద్యార్థి అన్నట్టు ఇంకో మాట ముందు నిలబడుతుంది. మనవాళ్లు వెనక మాట వదిలేసి కాగితానికే ఆ పేరు పెట్టారు. అంతా ఒక్క ఊపిరిలో చెప్పాడు. చూపు మాత్రం గడియారం మీదే.

"మంచిగ చెప్పినవ్ కాకా. మరి గీ కాగితంల విశ్వాసం ఎవరిది? సచ్చినాయనదా?"

బడి తరఫున ఎవరైనా జరిగింది రాసిస్తే పైవాళ్లతో మాట్లాడి సీటు పోకుండా ఆపిస్తానంది సోనాలి. లేకపోతే దొంగ కాగితం తెచ్చిందని పిల్ల పేరు మీద రాయాల్సి వస్తుందంది.

తన నాయన పోశన్న కూలి వదులుకుని బడికి మూడుసార్లు తిరిగాడని, ప్రతిసారీ తన పేరున్న రిజిస్టర్ వరదలో పోయిందనే చెప్పారని ప్రణాలి చెప్పింది.

"గా బడిల ఏడేండ్లు సదివిన మేడమ్. గది అబద్ధం గాదు."

నాలుగూ నలభై. లింగమూర్తి లేచి తలుపు దాకా వెళ్లాడు. ఆగాడు. తిరిగొచ్చి బల్ల మీది తెల్లకాగితం తన వైపు లాక్కున్నాడు.

"సంతకం సార్‌దే. ఊరికి పోయేటప్పుడు ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టి నాకిచ్చేటోడు. రిజిస్టర్ లేకుంటె కొత్త సార్ సంతకం పెట్టడని, మిగిలినదాని మీద నేనే రాసిన, తారీకు నేనే ఏసిన. రిజిస్టర్ వరదల పోలే మేడమ్. ఇంటికాడ రాద్దామని తీస్కపోయి కిరాయి జీపుల మర్చిపోయిన. నౌకరీ పోతదని వరద మీదికి నూకిన. పిల్లకేం తెల్వదు. తప్పు నాదే."