కాటమయ్య కాలు

పెన్నకు పెద్ద నీళ్లు వచ్చి, మైలవరం ఆనకట్ట గేట్లు ఎత్తేసి, జమ్మలమడుగు వంతెన మీద మూడు రోజులు బస్సులు నిలిపేసిన ఏడాది కాటమయ్య ఎడమ కాలు పోయింది. ఊళ్లో ఇప్పటికీ ఆ సంగతి చెప్పాలంటే నీళ్లొచ్చిన ఏడాది అనే మొదలుపెడతారు.

నీళ్లు తీసిన నెలకు గొర్రెలు కాసే కాటమయ్యకు పెద్దాయన కబురు పంపాడు. ఊళ్లో ఒక పార్టీ అంతా ఆయన చెప్పుచేతల్లో ఉండేది. వాగు పక్క పొలం బీడుగా ఉంది, మంద కట్టమన్నాడు. రాత్రిపూట గొర్రెలను పొలంలో నిలబెడితే భూమికి ఎరువు, గొర్రెల కాపరికి గింజలు. ఆ పొలం గట్టులోనే ఎన్నికల ముందు తన మనుషులు నాటుబాంబులు పూడ్చిపెట్టిన సంగతి పెద్దాయనకు గుర్తు లేదు. వాళ్లకూ గుర్తు లేదు. వరదకు గట్టు కోసుకుపోయి పైమన్ను పలచబడింది. తెల్లవారుజామున మంద చుట్టూ కట్టిన తడిక గుంజ పీకుదామని కాటమయ్య గట్టు మీద ఎడమ కాలు ఊనాడు.

కడప పెద్దాసుపత్రిలో కళ్లు తెరిచేసరికి మోకాలి కింద కాలు లేదు. చేతి బొటనవేలికి సిరా మాత్రం ఉంది. పోలీసుల కాగితం అప్పటికే తయారైంది. అవతలి పార్టీ వాళ్ల పొలాల్లో మంద కట్టే చిన్నసుబ్బయ్య తుమ్మచెట్ల చాటునుంచి బాంబు విసిరాడని అందులో ఉంది. చిన్నసుబ్బయ్యను పోలీసులు ఇంటి ముందే పట్టుకుపోయారు. అతని భార్య పోలమ్మ పిల్లలను తీసుకుని పులివెందులకు పోయి అరటితోటల్లో కూలికి కుదిరింది.

కాటమయ్య మొదటినుంచీ పెద్దగా మాట్లాడే మనిషి కాడు. ఆసుపత్రినుంచి వచ్చాక ఆ కొంచెమూ తగ్గించేశాడు.

పుండు మానాక పెద్దాయన తన జీపులోనే అతన్ని ప్రొద్దుటూరు తీసుకుపోయాడు. అక్కడ కృత్రిమ కాళ్లు చేసే హుమాయున్ ఉన్నాడు. సన్నటి మనిషి, చేతులనిండా సున్నపు పిండి. కాటమయ్య మోకాలిని పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దీన్ని మా చదువులో స్టంప్ అంటారు మామా. నీది బిలో నీ, అంటే మోకాలు మిగిలింది. మోకాలు పైన పోయినోళ్లతో చూస్తే నువ్వు అదృష్టవంతుడివి."

"నా అదృష్టం శానా పెద్దదిలే," అన్నాడు కాటమయ్య.

హుమాయున్ నవ్వాడు. "పండుకునేటప్పుడు మోకాలి కింద దిండు పెడతాండావా?"

"ఊ."

"ఈ పొద్దుతో ఆపెయ్యి. మోకాలు వంగి అట్లనే పట్టేస్తాది. కాంట్రాక్చర్ అంటాం దాన్ని. అది పట్టిందంటే నేను బంగారంతో కాలు చేసిచ్చినా నువ్వు నిలబడల్యావు."

కాటమయ్య ఎవరితోనూ అనని మాట అన్నాడు. "లేని బొటనవేలు గుంజుతాందప్పా. ఇంట్లో చెప్తే పిచ్చి అనుకుంటారని చెప్పల్యా."

"అది ఫాంటమ్ పెయిన్ మామా. పిచ్చి కాదు. కాలు పోయిందని మెదడుకు ఇంకా కబురు అందల్యా, అంతే."

తడిపిన ప్లాస్టర్ గుడ్డ మోకాలి చుట్టూ చుట్టి అచ్చు తీశాడు. ఆ అచ్చు మీద పోసిన గిన్నె వంటిదే సాకెట్ అనీ, స్టంప్ అందులో కూర్చుంటుందనీ, బరువు మొత్తం ఎముక కొస మీద కాకుండా మోకాలి చిప్ప కింది నరం మీద పడేటట్టు తను చెక్కుతాడనీ చెప్పాడు. సాయంత్రానికి స్టంప్ సన్నబడితే దాని మీద సాక్సు ఇంకొకటి తొడగమన్నాడు. కాలు తీసి పడుకునేటప్పుడు బ్యాండేజీ బిగించి కట్టకపోతే పొద్దునకు ఉబ్బి సాకెట్‌లో పట్టదన్నాడు. కాటమయ్య ఒక్కొక్క మాటకూ తల ఊపాడు. గొర్రెల రోగాల పేర్లు నేర్చుకున్నట్టే ఇవీ నేర్చుకున్నాడు.

కుడి కాలు మీది మచ్చలు చూసి హుమాయున్ చెయ్యి ఆగింది. మడమ దగ్గర మొదలై తొడదాకా పోయాయి.

"ఇవి కిందినుంచి పైకి ఎగిసినాయి గదా మామా."

కాటమయ్య కుడి కాలి మీదికి పంచె లాక్కున్నాడు. హుమాయున్ బయట జీపు వైపు ఒకసారి చూసి, మళ్లీ పనిలో పడ్డాడు.

ఆ కాలితో ఏడాదిన్నర గొర్రెల వెంట నడిచాడు కాటమయ్య. మొదట్లో నడుము ఒక పక్కకు వాలేది. తర్వాత నడక కుదిరింది. గండికోట దిక్కు రాళ్లలో కూడా తోలుకుపోయేవాడు. చిన్నసుబ్బయ్య బెయిలు మీద బయటికి వచ్చినా ఊళ్లోకి రాలేదు. ఒక రోజు పోలమ్మ పులివెందులనుంచి ఇంట్లో మిగిలిన వంటసామాను తీసుకుపోదామని వచ్చి, దారిలో కాటమయ్యను చూసి ఆగింది. తిడుతుందనుకున్నాడు. ఆమె అతని కాలి వంక చూసి, "నడవనీకి బాగుండాదా అన్నా?" అని అడిగి పోయింది. ఆ రోజు అతను అన్నం తినలేదు.

విచారణకు ముందురోజు పెద్దాయన ఇంటికే వచ్చాడు. మంచం మీద కూర్చున్నాడు.

"రేపు జమ్మలమడుగు కోర్టు. కాగితంలో ఉండేదే చెప్పు. చిన్నసుబ్బడు ఇసిరినాడు. అంతే."

కాటమయ్య సాక్సు మడత పెడుతున్నాడు.

"ఏమిరా, ఇనపడ్తాందా? ఆ కాలు నేను చేపిచ్చినా. నా మాట దాటితే అది నీ కింద ఉండదు. మళ్లా దోగాడుకుంటా పోతావు గొర్రెల యెంట."

ఆయన పోయాక అక్కమ్మ పొయ్యి దగ్గరనుంచే మొగుడిని అడిగింది. "ఏం చెప్తావు?"

"చూద్దాం."

"చూసేదేముంది? కాలు లేకుండా ఒక తూరి బతికినాం. ఆ పోలమ్మ మూసిపోయిన ఇల్లు చూడలేక సందు మార్చి పోతాండా నేను. అది నాతో కాదు."

మర్నాడు కోర్టు బోనులో కాటమయ్య నిలబడ్డాడు. సర్కారు వకీలు కాగితం తిప్పుతూ అడిగాడు. "బాంబు నీ మీద ఎవరు వేశారు?"

"ఎవురూ ఎయ్యల్యా."

వెనక బెంచీల్లో కలకలం. జడ్జి తలెత్తాడు. "మరి నీ కాలు ఎలా పోయింది?"

"తొక్కినా సామీ. ఇసిరిన బాంబు మొగాన పడ్తాది, రొమ్మున పడ్తాది. అరికాలి కింద దూరి పేలదు. నాది అరికాలి కింద పేలింది." పంచె ఎత్తి కుడి కాలు చూపించాడు. "చూడండి. అన్నీ కిందినుంచి పైకే పోయినాయి."

"ఎవరి పొలం అది?"

"పెద్దాయనది. మంద కట్టమన్నదీ ఆయనే."

"పోలీసులకు అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"వాళ్లు నా ఏలిముద్ర ఏపిచ్చుకునేటప్పుడు డాక్టర్లు నా కాలు కోస్తాండారు సామీ."

తన జన్మలో ఒకేసారి అన్ని మాటలు అతను ఎన్నడూ మాట్లాడలేదు.

కోర్టు బయట జీపు ఆగి ఉంది. పెద్దాయన దిగలేదు.

"ఆ కాలు ఎవురిదిరా?"

"నాది."

"చేపిచ్చింది ఎవురు?"

"పోగొట్టినాయనే."

టీ అంగడి ముందున్నవాళ్లు గ్లాసులు దించారు. పెద్దాయన సైగ చేస్తే ఇద్దరు వచ్చి కాటమయ్యను మెట్ల మీద కూలేసి కాలు గుంజారు.

"బెల్టు తెంపొద్దప్పా," అన్నాడు కాటమయ్య. "బకిల్ ఎడమ పక్క ఉండాది, చూసి తియ్యి." వాళ్లు తీశారు. అతను జీపు వైపు తిరిగాడు. "తీస్కపోయి ఏం చేస్తావు పెద్దాయనా? ఆ సాకెట్ నా మోకాలికి అచ్చు పోసింది. ఇంకెవురికీ పట్టదు. అంత మోజుంటే నువ్వూ పోయి ఆ గట్టు తొక్కు."

జీపు దుమ్ము లేపుకుంటూ పోయింది. నవ్విందెవరో తెలియదు గాని టీ అంగడి దగ్గర ఒక నవ్వు వినపడింది. బోనులో ముద్దాయిగా నిలబడి వచ్చిన చిన్నసుబ్బయ్య మెట్ల దగ్గరికి వచ్చి, వంగి వీపు చూపించాడు.

"మొయ్యగలవా?" అన్నాడు కాటమయ్య.

"ఒక కాలు బరువు తగ్గింది గదన్నా," అన్నాడు చిన్నసుబ్బయ్య. ఇద్దరూ బస్సు దాకా అట్లాగే పోయారు.

ఇంట్లో అక్కమ్మ చాప పరిచి అతన్ని కూర్చోబెట్టింది. పెట్టెలోని బ్యాండేజీ తీసి స్టంప్‌కు బిగించి చుట్టింది. "కాలే లేకపోతే ఇదెందుకు?" అన్నాడు కాటమయ్య. "ఉబ్బితే రేపు సాకెట్‌లో పట్టదు," అంది ఆమె.

పొద్దున్నే కాటమయ్య చంకకర్రలతో బయలుదేరాడు. వెనకాల అక్కమ్మ గొర్రెలన్నిటినీ తోలుకొచ్చింది. అవి పెద్దాయన ఇంటి గేటు ముందు సందంతా నిండిపోయాయి. జీపు బయటికి రాలేదు. డ్రైవరు హారన్ కొట్టాడు. గొర్రెలు ఒక పక్కనుంచి ఇంకో పక్కకు తలలు తిప్పాయి, అంతే.

పెద్దాయన వసారాలోకి వచ్చాడు. "ఏందిరా ఇది?"

"కాలు కోసం వచ్చినా."

"ఇయ్యకపోతే?"

"కూచుంటా." కాటమయ్య గేటు పక్క బండ మీద కూర్చుని, పంచె మోకాలి పైకి మడిచాడు. వీధిలో పోయే వాళ్లందరికీ కనపడేటట్టు స్టంప్ చాపి పెట్టుకున్నాడు. జనం ఆగడం మొదలుపెట్టారు. ఆగినవాళ్లెవరూ కదల్లేదు.

కొంచెం సేపటికి పెద్దాయన భార్య ప్రమీలమ్మ లోపలినుంచి వచ్చింది. చేతుల్లో తువ్వాలుతో చుట్టిన కాలు ఉంది.

"ప్రమీలా!" అని వసారాలోనుంచి కేక. ఆమె తిరిగి చూడలేదు.

"తీసుకో అన్నా," అంది. "నడింట్లో మూలకు నిలబెట్టినారు దీన్ని. దాని ఎదురుగా నేను కూడెట్ల తినేది?"

కాటమయ్య కాలు అందుకున్నాడు. సాక్సు ముడత లేకుండా లాగి, స్టంప్‌ను సాకెట్‌లోకి దించి, బకిల్ బిగించాడు. చంకకర్రలు అక్కమ్మ చేతికిచ్చి లేచి నిలబడ్డాడు. పెద్దాయన వసారాలో నిలబడే ఉన్నాడు. కాటమయ్య ఆ వైపు చూడకుండా నాలుక చప్పుడుతో గొర్రెలను అదిలించి, వాటి వెనక నడి వీధిలో నడుచుకుంటూ మేతకు పోయాడు.