వీడియోలో మావారు

సామర్లకోట స్టేషన్ పార్సిల్ ఆఫీసులో హరిబాబు పక్క బల్ల పల్లంరాజుది. ఓ సోమవారం మధ్యాహ్నం పల్లంరాజు కేరేజీ విప్పి, కూర గిన్నె హరిబాబు ముందుకు జరిపాడు.

"తీసుకోండి హరిబాబుగారూ. గుత్తి వంకాయంటే మీకు ప్రాణమంట కదండీ. మా ఆవిడ మీకోసమే ఓ నాలుగు కాయలు ఎక్కువ పెట్టింది."

హరిబాబు తెల్లబోయాడు. వంకాయ ముక్క నోట్లో పెడితే చాలు, ఆయనకి పెదాలు ఉబ్బుతాయి, మెడంతా దురద. పెళ్లయి ఇరవై తొమ్మిదేళ్లయింది. ఇంట్లో ఆ కూర తన కంచంలో ఎప్పుడూ పడలేదు.

"నాకు ప్రాణమని ఎవరు చెప్పారండీ?"

"ఎవరేంటండీ, మేడంగారే! నిన్నటి వీడియోలో చెప్పారు. మా ఆవిడ అది చూసినప్పట్నుంచీ మిమ్మల్ని చూసి నేర్చుకోమని నా బుర్ర తింటోందండి" అని నవ్వాడు పల్లంరాజు.

కడుపు బాగాలేదని ఏదో చెప్పి హరిబాబు బయటికొచ్చాడు. భార్య దుర్గాశ్రీ వంటల వీడియోలు పెడుతుందని ఆయనకి తెలుసు. రెండేళ్ల కిందట రాజమండ్రి నుంచి వచ్చిన కూతురు హేమశ్రీ తల్లికి ఓ స్టాండూ, ఓ ఫోనూ ఇచ్చి అన్నీ నేర్పించి వెళ్లింది. పగలు ఆయన ఆఫీసులో ఉంటాడు, ఆవిడ పని ఆవిడది. సాయంత్రం ఆరింటికి ఇంటికి చేరితే టీవీలో వార్తలుంటాయి. నలుగురు ఒకేసారి అరుచుకుంటూ ఉంటే దాని ముందే అన్నం తిని, దాని ముందే కునికిపాట్లు పడేవాడు. ఈ రెండేళ్లలో ఆ వీడియోలు ఒక్కటీ చూడాలనిపించలేదు.

ప్లాట్‌ఫారం చివర బెంచీ మీద కూర్చుని ఫోన్ తీశాడు.

దుర్గాశ్రీ ఆకుపచ్చ చీర కట్టుకుని, తల్లో పూలు పెట్టుకుని నిలబడి ఉంది. "నమస్కారమండీ, అందరూ బావున్నారా?" అంటోంది. "మావారు గుమ్మంలో చెప్పులు విడుస్తూనే, ఇవాళ ఏం చేశావే శ్రీ, అని అడుగుతారండి. వంకాయని చెప్పానో, ఇంక కాళ్లు కడుక్కోడానిక్కూడా ఆగరు" అని పైట చెంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది.

ఆ నవ్వు ఆయన మళ్లీ వెనక్కి జరిపి చూశాడు. శ్రీ అని తను పిలిచిందెప్పుడు?

ఒకదాని తర్వాత ఒకటి ఏడెనిమిది చూశాడు. ఓ వీడియోలో మావారు ఆవిడకి జ్వరమొస్తే పక్కన కూర్చుని జావ తాగించారు. ఇంకో వీడియోలో కోరుకొండ మెట్లన్నీ చెయ్యి పట్టుకుని ఎక్కించారు. కోరుకొండ వెళ్లిన మాట నిజమే, హేమ పుట్టకముందు. చెయ్యి పట్టుకున్నాడా? ఎంత తవ్వినా జ్ఞాపకం రాలేదు. పట్టుకోలేదని గట్టిగా అనుకుందామన్నా కుదరలేదు. కింద జనం, అన్నయ్యగారు దేవుడండీ, అలాంటాయన దొరకాలంటే రాసిపెట్టి ఉండాలండీ, అని రాశారు. వాళ్లు పొగుడుతున్నది తననా, ఇంకెవరినో? ఆ అన్నయ్యగారి మీద హరిబాబుకి కొంచెం అసూయ కూడా కలిగింది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి, గుమ్మంలో చెప్పులు విడుస్తూ, గొంతు సవరించుకుని అన్నాడు.

"ఇవాళ ఏం చేశావే శ్రీ?"

బట్టలు మడతపెడుతున్న దుర్గాశ్రీ చేతులు ఆగిపోయాయి. లేచొచ్చి నుదుటి మీద చెయ్యేసి చూసింది.

"ఒంట్లో బానే ఉందాండీ?"

"బానే ఉంది. ఊరికే అడిగాను."

"బీరకాయ పప్పండి" అంది. లోపలికి రెండడుగులు వేసి మళ్లీ ఆగింది. "ఆ మాట ఇక్కడ వద్దండీ. ఏదోలా ఉంది."

ఆవిడకి కోపమొచ్చిందో, సిగ్గుపడిందో, భయపడిందో ఆయనకి తెలియలేదు. టీవీ పెట్టుకున్నాడు.

ఆ ఆదివారం హేమశ్రీ వచ్చింది. ఛానెల్ చూసేవాళ్లు పదివేలు దాటారట, అందరూ అన్నయ్య‌గారిని చూపించమని గోల పెడుతున్నారట.

"నాన్నా, ఏం లేదు, కూర్చుని తినడమే. బావుందని ఒక్క మాట అను, చాలు" అని కొత్త చొక్కా తొడిగించి కంచం ముందు కూర్చోబెట్టింది. కంచంలో గుత్తి వంకాయ. హరిబాబు భార్య వంక చూశాడు. ఆవిడ కళ్లు దించుకుంది. ఇంతలో హేమశ్రీ ఫోన్ ఆన్ చేసింది.

అప్పుడేమైందో ఆయనకిప్పటికీ అర్థం కాదు. కాయ విరిచి అన్నంలో కలుపుకుని తిన్నాడు. "ఉప్పూ కారం అచ్చం మా అమ్మ చేతిలా ఉన్నాయే శ్రీ" అన్నాడు. దుర్గాశ్రీ పకపకా నవ్వింది. ఆవిడ విసురుతుంటే విసనకర్ర లాక్కుని ఆయనే ఆవిడకి విసిరాడు. కోరుకొండ మెట్ల గురించి చెప్పాడు. ఎన్నో మెట్టు దగ్గర ఆవిడ చెప్పు తెగిందో కూడా చెప్పాడు. అవన్నీ నోటికి ఎలా వచ్చాయో! పది నిమిషాలు ఇద్దరూ ఒకరి మాట ఒకరు అందుకుంటూ మాట్లాడుకున్నారు.

"సూపర్ నాన్నా!" అని హేమశ్రీ ఫోన్ ఆపింది. ఆపగానే ఆయన విసనకర్ర కింద పెట్టేశాడు. కూతురు బస్సుకి టైమైందని వెళ్లిపోయింది.

హరిబాబు పెదాలు అప్పటికే మండుతున్నాయి. దుర్గాశ్రీ మాత్రా, మంచినీళ్లూ తెచ్చి ముందు పెట్టింది.

"పడదని నాకు తెలుసండీ. మీరే వద్దంటారనుకున్నాను."

"తెలిసి అలా ఎందుకు చెప్పావు?"

"మొదటి వీడియో తీసినప్పుడు హేమ, ఏదో ఒకటి మాట్లాడమ్మా, మూగదానిలా నిలబడకు, అందండి. నోటికొచ్చింది చెప్పాను. అందరూ బావుందన్నారు. తర్వాత్తర్వాత అలా వచ్చేస్తూ ఉంది."

"మరి ఆయనెవరు?"

"ఎవరండీ?"

"నువ్వు చెప్పే ఆయన."

దుర్గాశ్రీ మాత్ర విప్పి ఆయన చేతిలో పెట్టింది. "మీరేననుకున్నానండి" అంది.

ఆయన మాత్ర వేసుకున్నాడు. "కొండ మీద నీ చెయ్యి నిజంగా పట్టుకున్నానా?"

"ఏమోనండి. అన్నిసార్లు చెప్పాక నాకూ తెలీడం లేదు. మీరు ఇందాక చెప్పు తెగిందన్నారు, అది నిజమేనా?"

"నాకూ తెలీదు" అన్నాడు హరిబాబు.

వీధి అరుగు మీద నీడపడింది. ఇద్దరూ వెళ్లి అక్కడ కూర్చున్నారు. ఆవిడే అడిగింది, ఆఫీసులో ఏంటి విశేషాలని. ఆయన వెతుక్కుని వెతుక్కుని మొన్న ఒకావిడ పార్సిల్ చేసిన కుట్టుమిషన్ సంగతి ఎత్తుకున్నాడు. రైలు కదిలేదాకా ఆవిడ ఆ మిషన్‌ కోసం పడ్డ దిగులు గురించి చెప్పాడు. దుర్గాశ్రీ గెడ్డం కింద చెయ్యి పెట్టుకుని వింటోంది. మధ్యలో, "అప్పుడావిడ ఏమందండీ?" అని కూడా అడిగింది.

వచ్చేవారం వీడియోలో మావారు ఈ కథ చెప్పారంటుందేమో. లేక ఊరికే వింటోందేమో. హరిబాబుకి తేలలేదు. అయినా ఆపకుండా, మిగతాది చెప్పుకుంటూ వెళ్లాడు.